గుంతలో పడుకొని చూసే మనిషి

మొన్న ఎండాకాలం ఆయన చనిపోయాడు. పోయే ముందు మాకు ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే తన గుంత తానే తవ్వుకొని, మట్టి పక్కకు సర్ది, కాళ్ళు కడుక్కొని వచ్చి పడుకునేవాడు. మాకు ఆ శ్రమ తప్పేది. చెప్పకపోయేసరికి ఊళ్ళో మగవాళ్ళంతా శవం చుట్టూ చేరి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళూ ఎవరు పోయినా గుంత దానంతట అదే తయారై ఉండేది. అది ఎక్కడినుంచి వస్తున్నదో ఎవరికీ ఆలోచించే తీరిక దొరకలేదు.

ఊళ్ళో సరైన గడ్డపార ఒక్కటే ఉంది, అదీ ఆయనదే. ఇద్దరు పెద్దమనుషులు దాన్ని పట్టుకున్నారు. పావుగంటకే ఒకరికి నడుము పట్టింది, ఇంకొకరికి ఫోన్ వచ్చింది. మా పెద్దకొడుకు అందుకున్నాడు గాని మూరెడు లోతు పోయాక రాయి తగిలింది. చివరికి రోడ్డు పని దగ్గరనుంచి జేసీబీని పిలిపించారు. అది అయిదు నిమిషాల్లో ఎడ్లబండి దిగేంత గుంత తీసి, ఇంత పొగ వదిలి వెళ్ళిపోయింది. "పని జల్దీ అయింది" అని అందరూ సంతోషించారు.

ఆ గుంతలోకి దిగి ఎవరూ పడుకొని చూడలేదు. పడుకొని చూడడమేమిటంటారా? అదే చెప్పబోతున్నాను.

ఆయన పేరు రాయడం లేదు. మా చర్చి సంఘంలో వాళ్ళకు తెలుసు, బయటివాళ్ళు తెలుసుకొని చేసేదేమీ లేదు. ఎప్పుడు పుట్టాడో, ఏం చదివాడో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. టేకులపల్లి అవతలి అడవి ఊరినుంచి పెళ్ళామూ తానూ కూలికి వచ్చి, చండ్రుగొండ దాటాక ఉండే మా ఊళ్ళో నిలిచిపోయారు. పిల్లలు లేరు. కనుక చరిత్ర అంతే. మిగిలిందంతా ఆయన చూపు, ఆయన మాట, ఆయన తాగిన టీ.

ముందు చూపు సంగతి చెబుతాను. ఆదివారం ఆరాధన అయ్యాక అందరం ఒకరికొకరం వందనాలు చెప్పుకుంటాం. ఆయనా చెప్పేవాడు. చేతులు జోడించి తల వంచేవాడు గాని, చూపు మాత్రం నా నెత్తిమీద మొదలై చెప్పుల దాకా దిగి, మళ్ళీ భుజాల దగ్గర అడ్డంగా ఒకసారి పోయి వచ్చేది. జాకెట్లు కుట్టే టైలరు కూడా అంత శ్రద్ధగా చూడడు.

"ఏం జూస్తున్నవయ్యా గట్ల?" అన్నాను ఒకరోజు.

"ఏం లేదక్కా. ఈ యేడు జెర వంగినవ్."

"వంగితే నీకేంది?"

"నాకేముంటది. జానెడు పని తగ్గుతది."

పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. నేను నవ్వలేదు. ఆ రోజునుంచి ఆయన ఎదురైతే చాలు, నడుము నిటారుగా పెట్టి నడిచేదాన్ని. దవాఖానాలో అమ్మిన బెల్టు చేయలేని పని ఆయన చూపు చేసింది.

ఇక టీ. మా వైపు గుంత తవ్వినవాళ్ళకు ఒక సీసా ఇప్పించడం ఆనవాయితీ. ఈయన సీసా ముట్టడు, పైసలు ముట్టడు. టీ మాత్రం అడుగుతాడు, అందులో నాలుగు చెంచాల చక్కెర. దేవుని పని ఉచితమే గాని చక్కెర చచ్చినవాళ్ళ ఇంటిది. మా తోటికోడలు పోయినప్పుడు ఆ టీ నేనే కలిపి పట్టుకుపోయాను. రెండు చెంచాలే వేశాను. ఒక గుక్క తాగి నా ముఖం చూశాడు.

"ఏందక్కా, చక్కెర డబ్బల చెయ్యి పట్టలేదా?"

"నాలుగు చెంచాలు తాగితే షుగరొస్తది."

"రానియ్యి. గీ గడ్డపార పడితె చెమటల పోతది."

అది ఏ డాక్టరు చెప్పాడో తెలియదు. నేను ఇంకో రెండు చెంచాలు తేవడానికి వెనక్కి పోలేదు. ఆయనా రెండోసారి అడగలేదు. గ్లాసు పక్కన పెట్టి పనిలో పడ్డాడు.

మా నేల సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. పైన మూరెడు ఎర్ర మొరం మట్టి ఉంటుంది. కిందంతా రాయి. ఆ రాతిలో ఆయన అంగుళం అంగుళం దిగుతాడు. దిగేటప్పుడు ఏదో పాట పాడతాడు. రాగం ఏమిటో పాడేవాడికే తెలియదు గనుక వినేవాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. ఆ రోజు మధ్యాహ్నానికి పని అయిపోయింది. అప్పుడు తలకున్న తువ్వాల విప్పి గట్టున పెట్టి, గుంతలో వెల్లకిలా పడుకున్నాడు. చేతులు రొమ్ము మీద పెట్టుకొని కళ్ళు మూసుకున్నాడు. అలిసిపోయి కునుకు తీస్తున్నాడనుకున్నాను. అంతలో పక్కకు ఒత్తిగిలి, నడుము కింద చెయ్యి పెట్టి తడుముకొని, రేగిపండంత రాయి తీసి బయట పారేశాడు. మళ్ళీ పడుకున్నాడు.

"ఏందయ్యా ఇది?"

"రాయక్కా. నడుము కాడ గుచ్చుకుంటున్నది."

"పండుకునేది నువ్వా ఆమెనా? అయినా పెట్టెల పెడుతున్నం గదా, చెక్కకు గుచ్చుకుంటదా?"

"చెక్కకు గుచ్చుకోదు. ఆమెకు గూడ తెల్వదు. నాకు తెలిసింది గదా, ఇగ ఎట్ల ఇడిసిపెడుత?"

టీ తాగిన గ్లాసు కడిగావా అని గద్దించాను.

మా సంఘంలో పరిచర్య చేసేవాళ్ళకు కొరత లేదు. మైకు పట్టుకోవడానికి నలుగురు, కానుకల సంచి తిప్పడానికి ముగ్గురు, పండుగకు ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టడానికి ఊరంతా ఉంది. నెలకొకసారి కృతజ్ఞతా సాక్ష్యాలు చెప్పే ఆదివారం వస్తుంది. ఒకరు బండి కొన్నందుకు, ఒకరు మిరప మంచిగా పండినందుకు, ఒకరు పక్కవాళ్ళ మిరప పండనందుకు దేవునికి స్తోత్రం చెబుతారు. ఆ చివరిది పైకి అనరు, ముఖం చూస్తే తెలుస్తుంది. అందరూ అయ్యాక వెనక చాపమీదనుంచి ఈయన లేచేవాడు. ఎన్నిసార్లు లేచినా చెప్పేది అదే.

"కరోనాల నా ఇంటామె దవాఖానాల పానం ఇడిసింది. నేను జరంతోని లేవలేకపోయిన. ఎవరో నలుగురు ప్లాస్టిక్ బట్టలేసుకొని, మొఖాలకు గుడ్డలు కట్టుకొని, ఆమెను తీసుకపోయి మంచిగ మన్నుల పెట్టిండ్రట. వాళ్ళెవరో తెల్వదు. దేవునికి స్తోత్రం."

చెప్పి కూర్చునేవాడు. ఆ జ్వరంనుంచి లేచినప్పటినుంచే గడ్డపార పట్టాడు. మా వాళ్ళకే కాదు, అడవిలోపలి గూడేల వాళ్ళకు కూడా తవ్వేవాడు. తవ్వడం అయ్యాక వాళ్ళ డోళ్ళు, వాళ్ళ పద్ధతులు అన్నీ ముగిసేదాకా తువ్వాల నెత్తిన కప్పుకొని దూరంగా కూర్చొని, మన్ను వేయాల్సినప్పుడు లేచేవాడు. అది మా పాస్టరుగారికి అంతగా నచ్చలేదు.

"సంఘంల వాళ్ళకు చేస్తే పరిచర్య అయితది. గూడేనికి పోయి చేస్తివి, ఒక్కడన్న ఆరాధనకు వచ్చిండా?" అని నా ఎదుటే అడిగాడు.

"రానీకి చేస్తలేనయ్యగారు."

"మరెందుకు చేస్తున్నవ్?"

"నా ఇంటామెను ఎత్తిన నలుగురు ఏ దేవునికి మొక్కేటోళ్ళో నాకేం ఎరుక? మొఖాలకు గుడ్డలుండె గదా."

పాస్టరుగారు బైబిలు ఈ చేతిలోనుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నాకేమో దగ్గు వచ్చింది.

ఆ దగ్గు మామూలు దగ్గు కాదు. సాక్ష్యాల ఆదివారం ఆయన లేచినప్పుడల్లా వచ్చేది. మందు తాగితే పోయేది కాదు. ఎందుకంటే ఆ నలుగురిలో ఒకడు మా పెద్దకొడుకు.

ఆ రోజుల్లో పంచాయతీ వాళ్ళు, ఆయన పెళ్ళాం శవాన్ని తీసుకుపోవడానికి ట్రాక్టరు కావాలని మా ఇంటి ముందు నిలబడ్డారు. మిగతా ముగ్గురూ ఎక్కడివాళ్ళో, మా ఊరివాళ్ళు మాత్రం కాదు. నేను వాకిట్లో అడ్డం నిలబడి, "ఆమె మనకేమన్న చుట్టమా? పోవద్దు" అన్నాను. అన్న మాటలు ఇక్కడ చాలా తగ్గించి రాస్తున్నాను. పెద్దోడు నా పక్కనుంచి తప్పుకొని వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి గేటుకు తాళం వేశాను. మిరప చేలో గుడిసె ఉంది, అక్కడ ఉండమన్నాను. పధ్నాలుగు రోజులు ఉన్నాడు. అన్నం గిన్నె గట్టుమీద పెట్టి, పది బారల దూరం జరిగి, అక్కడినుంచి తిట్టేదాన్ని. కన్నతల్లి అన్నం పెట్టకుండా ఉంటుందా! పంచాయతీ వాళ్ళను నోరు మెదపవద్దని బతిమాలి, ఊళ్ళో అడిగినవాళ్ళకు వాడు ఎర్రుపాలెంలో అత్తగారింట్లో చిక్కుకుపోయాడని చెప్పాను. దారులన్నీ మూసేసి ఉన్నాయి గనుక అందరూ నమ్మారు.

వాడు గుడిసెలోనుంచి వచ్చాక కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే తల్లి వెలగబెట్టిన ఘనకార్యం కూడా చెప్పాల్సి వస్తుంది గదా.

నేనైనా ఆయనకు చెప్పవచ్చు. మొదట్లో, ఊరు వెలివేస్తుందేమోనన్న భయం. ఆ భయం పోయాక ఇంకో ఆలోచన వచ్చింది. చెబితే తెల్లారేసరికి వచ్చి మా వాకిలి ఊడుస్తాడు, కట్టెలు కొడతాడు, పెద్దోడి కాళ్ళదగ్గర కూర్చొని లేవడు, ఊరివాళ్ళ గుంతలు ఎవరు తవ్వాలి? ఊరి మేలు కోరి ఊరుకున్నాననుకునేదాన్ని. నిజానికి అది సిగ్గు. దానికి నేను మంచి మంచి పేర్లు పెట్టుకున్నాను, అంతే. ఆయన గూడేలు తిరిగి, ఆ ముసుగుల వెనక ఎవరున్నారోనని కనబడిన ప్రతివాడికీ ఊడిగం చేస్తుంటే, ఆ మనిషి నా ఇంట్లో నా చేతి అన్నం తింటున్నాడు. నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఏళ్ళ తరబడి వందనాలు అందుకుంటూ దగ్గుతూ కూర్చున్నాను.

పోయిన వానాకాలం నేను చచ్చిపోయాను.

మీరు కంగారుపడకండి, నేనూ పడలేదు. కడుపునొప్పి వస్తే ఖమ్మంలో ఆపరేషన్ చేశారు. నన్ను వేరే గదికి మార్చాక నా మంచం మీదికి ఎవరో ముసలామెను తెచ్చారట, పాపం ఆమె పోయింది. నన్ను చూడవచ్చిన మా సంఘపెద్ద ఒకాయన, మంచం మీద ముఖం దాకా కప్పిన దుప్పటి చూసి, ఎత్తి చూసే శ్రమ తీసుకోకుండా ఊరికి ఫోన్ చేశాడు. నేను "ప్రభువునందు నిద్రించాను" అని గ్రూపులో పెట్టేశారు. నిజంగానే నిద్రపోతున్నాను, సూదిమందు వల్ల. పెద్దోడు ఫోన్ చేసి అరిచేలోపల కుర్చీలు కిరాయికి వచ్చాయి, నా ఫొటోతో ఫ్లెక్సీ అచ్చయింది. ఆధార్ కార్డులో ఫొటో, అందులో నేను దొంగలా ఉంటాను. ఫ్లెక్సీ పారేయనివ్వలేదు. మిరపకాయల మీద కప్పడానికి పనికొస్తుంది.

గుంత కూడా తయారైపోయింది. ఆ ముసురులో ఒక్కడే తవ్వాడట.

పదిహేను రోజులకు కుట్లు మానాయి. అప్పుడు ఆయన కబురు పంపాడు, గుంత పూడ్చనా అని. మనిషి బతికొస్తే పూడ్చక ఏం చేస్తారు? దానికీ కబురా అని గొణుక్కుంటూ, పెద్దోణ్ణి వెంటబెట్టుకొని చూడడానికి పోయాను. తన సమాధి ముందుగా చూసుకునే భాగ్యం అందరికీ దొరకదు.

ఆయన గుంతలోనే ఉన్నాడు, రొమ్ముల దాకా. డబ్బాతో వాననీళ్ళు తోడి బయట పోస్తున్నాడు.

"వచ్చినవా అక్కా! నీదే ఇది. చూడు."

"చూస్తున్న. ఇంత పొడుగెందుకయ్యా? నేనేమన్న తాటిచెట్టునా?"

"నన్ను జూస్తె నిటారుగ నడుస్తవ్ గదా. ఆ కొలతకే తవ్విన."

పెద్దోడు వెనకనుంచి నవ్వాడు. నేను వాడివైపు చూసేసరికి ఆపాడు.

"కోడిని పాతిపెట్టి పూడ్చమన్నరట గదా ఎవరో?"

"అన్నరు. తవ్విన గుంత ఖాళీగుంటె ఎవరినో ఒకరిని అడుగుతదట. గుంతకేం ఆకలక్కా? ఆ కోడిని మీరే వండుకొని తినున్రి అన్న. నీళ్ళు నిలిస్తె మేకలు పడుతయని తోడుతున్న. నువ్వు ఊ అంటె పూడుస్త. నీ కోసమని తీసింది, నిన్ను అడగకుంట ఎట్ల?"

"పండుకొని చూసినవా?"

"చూడకుంటనా? అవిగో."

గట్టుమీద మూడు రాళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి, కోడిగుడ్లంత. ముసురులో, ఆ బురదలో, నేను చచ్చానని విని, వెల్లకిలా పడుకొని నా వీపుకు గుచ్చుకునే రాళ్ళు ఏరాడు. చక్కెర డబ్బాలో చెయ్యి పట్టని మనిషి వీపుకు.

"పూడ్చు," అన్నాను. తరవాత నా నోరు నా మాట వినలేదు. "ఏమయ్యా, నీకొకటి చెప్పాలె. కరోనాల మీ ఆమెను తీసుకపోయిన నలుగురు ఉన్నరు గదా, అందుల..."

"అమ్మా!" అన్నాడు పెద్దోడు.

ఆయన డబ్బా వదిలేసి బురద చెయ్యి పైకెత్తాడు.

"ఆగక్కా. చెప్పకు."

"నీకు తెలుసుకోవాలని లేదా?"

"మొదట్ల మస్తుండె. ఊరూరు తిరిగి అడిగిన. ఎవ్వరు చెప్పలె. ఇప్పుడొద్దు."

"ఎందుకొద్దు? తెలిస్తే నీ మనసు కుదుటపడుతది గదా!"

"అందుకే వద్దంటున్న. ఆ ఇంటికి పోయి కాళ్ళు మొక్కుత. ఇగ అయిపోయింది, చల్లగ పండుకుందమనిపిస్తది. తెల్వదు గనుకనే, తొవ్వల ఎవరు కనబడ్డ గీయనే కావచ్చు అనుకుంట. తాగి నన్ను తిట్టేటోడు గూడ గీయనేనేమో అనుకుంట. నువ్వేనేమో అని గూడ అనుకున్న ఒకసారి."

"నేనా?"

"ఏమో! ఆ బట్టలల్ల ఆడ మొగ తెలుస్తదా?"

గేటుకు తాళం వేసినదాన్ని పట్టుకొని ఆయన అన్న మాట ఇది. వెటకారమైతే నాకు హాయిగా ఉండేది. వెటకారం నాకు బాగా తెలుసు. ఆయన ముఖంలో అది లేదు.

"ఏసయ్యకు చెయ్యి, చాలదా? ఆయన పేరు తెలుసు గదా," అన్నాను, ఏదో ఒకటి అనాలి గనుక.

"ఆయనకు నేనేం చేస్తనక్కా? గుంత తవ్వుదమంటె ఆయన గుంతల ఉండేటోడు గాదు, మూడు దినాలకే లేచిపాయె. మీకు చెయ్యమన్నడు, చేస్తున్న. చేసేటప్పుడు మంచిగనే ఉంటది. అవ్, నిజం. కష్టమనిపియ్యదు."

అంతటితో ఆ సంగతి ఆయనకు తీరిపోయింది. గట్టు పట్టుకొని పైకి రాబోయాడు. తడి మొరం జారింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ జారాడు. నావైపు చూసి, కుట్లున్న ముసల్దాన్ని అడిగి లాభం లేదనుకున్నాడేమో, నన్ను దాటి వెనక్కి చూశాడు.

"అల్లుడా, జెర చెయ్యియ్యి."

పెద్దోడు వచ్చి బురదలో మోకాళ్ళ మీద కూర్చొని, వంగి, రెండు చేతులూ ఇచ్చాడు. ఆయన ఆ చేతులు పట్టుకొని, కాలు తన్నిపెట్టి, ఒక్క ఊపున పైకి వచ్చాడు. వాడి అంగీ నిండా ఎర్రమట్టి.

"అయ్యో, కొత్తంగి అల్లుడా!"

"ఏం గాదు మామా," అన్నాడు పెద్దోడు.

ఆయన గట్టుమీది తువ్వాల తీసుకున్నాడు. ఉతికిన తువ్వాల. దాంతో ముందు తన చేతులు తుడుచుకుంటాడనుకున్నాను. తుడుచుకోలేదు. పెద్దోడి చెయ్యి తన చేతిలోకి తీసుకొని ఒక్కొక్క వేలూ తుడవడం మొదలుపెట్టాడు. గోళ్ళ సందుల్లో మట్టి కూడా వదిలిపెట్టలేదు. ఆ చెయ్యి అయ్యాక రెండో చెయ్యి అడిగాడు. నలభై అయిదేళ్ళ మగవాడు, బడికి పోయే పిల్లవాడిలా రెండో చెయ్యి చాపాడు. తుడిపించుకుంటూ తల వంచుకొని ఉన్నాడు. ఆయనేమో, కాళ్ళు మొక్కే అవసరం తప్పించుకున్నాననుకుంటూ, ఏదో రాగం లేని పాట సణుగుతున్నాడు.

చెప్పడానికి నా నోరు తెరుచుకుంది. ఒక్క మాట చాలు. ఈ చేతులేనయ్యా అంటే చాలు.

అనలేదు. జీవితంలో ఆయనకు నేను చేసిన ఉపకారం ఏదైనా ఉంటే, ఆ కాసేపు నోరు మూసుకొని నిలబడడమే. అదీ చాలా కష్టం మీద చేశాను.